తాటిమాను క్రాసులో సింహద్వారం

మా నెమళ్లమడుగు విశ్వవిద్యాలయానికి దూరం తప్ప మరే లోపమూ లేదు. ఆ దూరం కూడా మా తప్పు కాదు. మేము ఉన్నచోటే ఉన్నాం. జాతీయ రహదారే మాకు నలభై ఒక్క కిలోమీటర్ల అవతల, తాటిమాను క్రాసు మీదుగా, మా మొహం చూడకుండా పోయేది. ఆ క్రాసులో దిగి ఎర్రబస్సు ఎక్కితే, తొమ్మిది ఊళ్లు దాటుకుని గంటా ముప్పావుకి మా దగ్గర దిగొచ్చు. వానపడితే రెండున్నర గంటలు. ముప్పై ఏళ్లుగా పిల్లలు అట్లాగే వచ్చారు, చదువుకున్నారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

నా పేరు సుంకన్న. రిజిస్ట్రారు ఆఫీసులో సూపరింటెండెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో మా చుట్టుపక్కల రోడ్డు బాగాలేదని నా చేతులమీదుగా చాలా ఉత్తరాలు పోయాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకని ఆ జూన్ నెలలో పైనుంచి, మేము అడగకుండానే, రోడ్డు అనే విషయం మీద ఒక తాఖీదు వచ్చేసరికి నాకు సంతోషమే అయింది. చదివేదాకా.

తాఖీదు పంపినవారు ఉన్నత విద్యా సుగమ్యతా మండలివారు. అందులో ఇట్లా ఉంది: "జాతీయ రహదారికి అయిదు కిలోమీటర్ల లోపల ప్రధాన ద్వారము కలిగియుండని విశ్వవిద్యాలయములు 'దుర్గమ' శ్రేణిలో చేర్చబడును. దుర్గమ శ్రేణి విశ్వవిద్యాలయములు వచ్చే విద్యాసంవత్సరము నుండి పీజీ కోర్సులు నడుపరాదు."

మాకు ఉన్నవన్నీ పీజీ కోర్సులే.

మా వైస్ ఛాన్సలర్ ఆచార్య పద్మనాభయ్యగారు తర్కశాస్త్రం చదివి, తర్కశాస్త్రం చెప్పి, తర్కశాస్త్రంతోనే పైకి వచ్చినవారు. ఆయన నోట తప్పు మాట నేనెన్నడూ వినలేదు. ఆయన మాట ప్రకారం చేసిన పనులే కొన్ని తప్పయ్యేవి. తాఖీదు చూడగానే ఆయన ముందు రహదారులవారికి రాశారు, మీ రహదారిని కొంచెం మా వైపు వంచగలరా అని. వాళ్లు పదిరోజుల్లో జవాబిచ్చారు. "సదరు రహదారి సదరు విశ్వవిద్యాలయము కన్నా సర్వీసులో సీనియరు అయినందున, జూనియరే సీనియరు వద్దకు వచ్చుట మర్యాద."

ఆ ఉత్తరం చేతబట్టుకుని వీసీగారు అన్ని శాఖల వాళ్లనీ పిలిచారు. బోటనీలో డాక్టర్ కమలాక్షి అని ఒక మేడమ్ ఉన్నారు. సూటిగా మాట్లాడే మనిషి.

"సార్, ఈ వంకతోనైనా మన రోడ్డు బాగుచేయించమని అడుగుదాం. గుంతలు పూడిస్తే గంటలో వచ్చేయొచ్చు. ఇంకో రెండు బస్సులు వేయించినా చాలు," అన్నారామె.

"అమ్మా, నిబంధన మరొక్కసారి చదవండి. అందులో రోడ్డు గుంతలు అనే ప్రస్తావన ఉన్నదా?"

"లేదు సార్."

"బస్సు?"

"లేదు."

"విద్యార్థి?"

మేడమ్ కాగితం రెండువైపులా తిప్పి చూశారు. "లేదు సార్."

"మరి ఉన్నదేమిటి?"

"ప్రధాన ద్వారం."

"అదీ!" అన్నారు వీసీగారు. "ద్వారం రహదారికి దగ్గరగా ఉండవలెనన్నారు. ద్వారం విశ్వవిద్యాలయానికి దగ్గరగా ఉండవలెనని ఎక్కడా అనలేదు."

రిజిస్ట్రారుగారు చప్పట్లు కొడదామా వద్దా అని చేతులు సగం ఎత్తి, మమ్మల్ని చూసి దించారు.

మూడు నెలల్లో సింహద్వారం లేచింది. యాభై నాలుగడుగుల ఎత్తు. రెండు వైపులా రెండు సింహాలు. శిల్పి ఎప్పుడూ వినాయకుళ్లనే చేసినవాడు కావడం వల్ల వాటికి పొట్టలు కొంచెం ముందుకొచ్చాయి. మా ఎర్రబస్సు రోడ్డుకు అడ్డంగా కడదామని మొదట అనుకున్నాం. రోడ్డు మాది కాదు గనుక రోడ్డు శాఖవాళ్లు ఒప్పుకోలేదు. అందుకని పక్కనే, బోయ తిక్కయ్య శెనక్కాయ చేను అంచున, రెండు సెంట్లు తీసుకుని కట్టాం. ఎదురుగా జాతీయ రహదారి. వెనక శెనక్కాయ. ద్వారంలోంచి లోపలికి పోయినవాడు చేనిగట్టు మీద ఇరవై అడుగులు నడిచి, ఎడమకు తిరిగి, కాలవ దాటి, మళ్లీ ఎర్రబస్సు రోడ్డు ఎక్కాలి.

తిక్కయ్య కండువా భుజాన వేసుకుని వచ్చి చూశాడు.

"సారూ, ఇది ఏంటిది?"

"విశ్వవిద్యాలయం గేటు."

"మరి ఇస్కూలు యాడ?"

"నెమళ్లమడుగులో."

"ఆడిది ఆడ ఉండంగా, గేటు ఈడ ఎందుకు సారూ? తలుపు ఒక ఊర్లో, ఇల్లు ఒక ఊర్లో పెట్టుకునేది నేను యాడా సూడలే."

నేను తాఖీదు గురించి చెప్పాను. అతను ఓపికగా విన్నాడు. విన్నాక సింహాలవైపు చూసి, "మేస్తాయేమో అనుకున్న్యా. పొట్టలు సూస్తే బయమయింది," అని చేలోకి వెళ్లిపోయాడు.

ప్రారంభానికి ఒక పెద్దమనిషిని పిలిచాం. ఆయన రిబ్బన్ కత్తిరించి, "నేటితో జ్ఞానానికి తలుపులు తెరుచుకున్నవి," అని నాలుగడుగులు లోపలికి వేశారు. అయిదో అడుగు తడి మట్టిలో పడింది. వెనక్కి వచ్చి, చెప్పు కడిగించుకుని, కారెక్కారు.

కథ అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ నెల తిరక్కుండా మండలివారు మళ్లీ రాశారు. "ద్వారము నిర్మించబడినంత మాత్రమున చాలదు. వినియోగములో ఉన్నట్లు నిరూపించవలెను." వీసీగారు వెంటనే ఉత్తర్వు చెప్పారు, నేను రాసుకున్నాను: "ప్రధాన ద్వారము గుండా ప్రవేశించనివారు ప్రవేశించినట్లు పరిగణింపబడరు. వేలిముద్ర వేసి లోనికి వచ్చినప్పుడు హాజరు మొదలై, వేలిముద్ర వేసి బయటకు పోయినప్పుడు ముగియును. నెమళ్లమడుగు వైపుగల మూడు పాత గేట్లు నేటినుండి మూసివేయడమైనది."

ఆ మూడింటిలో ఒకటి గేటు కూడా కాదు. బోటనీ బిల్డింగు వెనక గోడలో చిన్న దొడ్డివాకిలి. దాన్ని ఇటుకలతో కట్టేశారు. గోడకు అవతల దస్తగిరమ్మ ఇల్లు.

దస్తగిరమ్మ చేసే బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినకుండా మా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నవాడు లేడు. ఆమె కూతురు మాబున్ని మా దగ్గరే ఎమ్మెస్సీ బోటనీ రెండో సంవత్సరం. వాళ్ల ఇంటి గడపకూ బోటనీ క్లాసుకూ మధ్య అరవై అడుగులు. ఆ పిల్ల కొర్రల మీద ప్రాజెక్టు చేస్తోంది, తక్కువ నీళ్లతో ఏ రకం కొర్ర తట్టుకుంటుందో తేల్చడానికి. బిల్డింగు వెనక నెట్టు కింద నూట ఎనభై కుండీల్లో మొక్కలు పెంచింది. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒక్కో కుండీకి కొలిచి నీళ్లు పోయాలి, ఎత్తు రాసుకోవాలి. ఒక్కరోజు తప్పినా లెక్క చెడిపోతుందని కమలాక్షి మేడమ్ నియమం.

ఉత్తర్వు అంటించిన రోజే మాబున్ని నా టేబులు దగ్గరికి వచ్చింది.

"సార్, మా ఇల్లు గోడ అవతలే గదా. నేను కూడా తాటిమాను క్రాసుకు పోవల్నా?"

"పోవాలమ్మా. అందరికీ ఒకటే రూలు."

"ఆరు గంటల బస్సుకు పోయి, ముద్ర వేసి, మళ్లీ ఇంటి ముందర దిగి, క్లాసుకు పోవల్ల. సాయంత్రం మళ్లీ ఆడికి పోయి ముద్ర వేసి, మళ్లీ ఇంటికి రావల్ల. అంతేనా సార్?"

"అంతే."

"నూట అరవై నాలుగు కిలోమీటర్లు సార్. అరవై అడుగులకు."

ఆ లెక్క నేను అప్పటిదాకా వేసుకోలేదు. వేసుకున్నా ఏం చేసేవాణ్ణో తెలియదు. "చూద్దాంలేమ్మా," అన్నాను. మా ఆఫీసులో ఆ మాటకు ఏ అర్థమూ లేదని ఆ పిల్లకీ తెలుసు.

హాస్టలు పిల్లలు, క్వార్టర్లలో ఉండే ప్రొఫెసర్లు, నేను, అందరం పొద్దున్నే బస్సులకు వేలాడి తాటిమాను క్రాసుకు పోయేవాళ్లం. అక్కడ వరసలో నిలబడి ముద్ర వేసి, సింహాల మధ్యగా లోపలికి పోయి, చేనిగట్టు నడిచి, కాలవ దాటి, దిగిన బస్సే మళ్లీ ఎక్కేవాళ్లం. క్లాసులు పదకొండున్నరకు మొదలై ఒకటిన్నరకు ముగిసేవి, సాయంత్రం ముద్రకు బయల్దేరాలి గనుక. హిస్టరీ ఆచార్యులవారు బస్సులోనే పాఠం చెప్పడం మొదలుపెట్టారు. గుంతలు వచ్చినచోటల్లా ఒక రాజవంశం జారిపోయేది.

మాబున్ని మూడు వారాలు తిరిగింది. ఆ మూడు వారాలూ దస్తగిరమ్మ నిచ్చెన వేసుకుని, గోడమీద నుంచి వంగి, చెంబుతో అందినన్ని కుండీలకు నీళ్లు పోసింది. కొలత ఆమెకు తెలియదు. ప్రేమగా పోసింది. తక్కువ నీళ్లకు తట్టుకోవలసిన మొక్కలు నలభై దాకా ఎక్కువ నీళ్లకు కుళ్లిపోయాయి. ఆ రోజు ఆ పిల్ల కుండీల మధ్య కూర్చుని ఏడ్చిందని కమలాక్షి మేడమ్ చెప్పారు. మర్నాటి నుంచి మాబున్ని బస్సెక్కడం మానేసింది. పొద్దున్నే నిచ్చెన ఎక్కి, గోడ దిగి, మొక్కల దగ్గరికి పోవడమే.

మండలివారి తనిఖీ సంఘం డిసెంబరులో వచ్చింది. ముగ్గురు సభ్యులు, ఒక టేపు. రహదారి అంచున తెల్లగీత నుంచి సింహద్వారం దాకా కొలిచారు. పద్దెనిమిది మీటర్లు.

"అద్భుతం," అన్నారు సంఘాధ్యక్షులు. "మేము చూసిన ద్వారములలో ఇంత సుగమమైనది లేదు."

"లోపలికి దయచేస్తారా? భవనాలు, ప్రయోగశాలలు, గ్రంథాలయం చూడవచ్చును. నలభై ఒక్క కిలోమీటర్లు," అన్నారు వీసీగారు.

అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు. "దుర్గమమైయుంటే లోనికి వచ్చి చూడవలసి ఉండేది. సుగమమని తేలిన పిమ్మట చూడవలసిన అవసరమేమున్నది?"

వీసీగారి మొహంలో, సాటి విద్వాంసుణ్ణి కలిసిన వెలుగు కనిపించింది. క్రాసులోని ధాబాలో భోజనాలు పెట్టించాం. చేతులు కడుక్కుంటూ అధ్యక్షులవారు ఒక్క సందేహం వెలిబుచ్చారు. "నివేదికలో ఒక గడి ఖాళీగా ఉన్నది. ద్వారమునకును, భవనములకును మధ్య ఉన్నదేమి?"

మధ్య ఉన్నది తొమ్మిది ఊళ్లు, ఒక వాగు, ఒక పోలీసుస్టేషను, బోలెడన్ని చేలు. వీసీగారు రెండు క్షణాలు కళ్లు మూసుకున్నారు.

"ద్వారం లోపల ఉండేది ప్రాంగణమే కదా," అన్నారు.

అధ్యక్షులవారు రాసుకున్నారు. "దేశములోనే మిక్కిలి పొడవైన ప్రాంగణము." మాకు 'సుగమ ఉత్తమ' శ్రేణి వచ్చింది. రాసుకున్నది నిజం చేయాలి గనుక, నేను ఇంకో ఉత్తర్వు టైపు చేయించాను. ద్వారం నుంచి నెమళ్లమడుగు దాకా ఉన్న ప్రాంతమంతా, ద్వారం కట్టిన నాటి నుంచీ, విశ్వవిద్యాలయ ప్రాంగణం. అక్కడ హారన్ మోగించరాదు, బీడీ కాల్చరాదు, పశువులను వదలరాదు, పరీక్షల కాలంలో మేళతాళాలు కూడదు, వైస్ ఛాన్సలర్ అనుమతి లేనిదే పోలీసులు ప్రవేశించరాదు. తొమ్మిది ఊళ్లలోనూ బోర్డులు పాతించాం.

ఊళ్లవాళ్లు కొట్టడానికి వస్తారేమోనని నేను భయపడ్డాను. వాళ్లు అర్జీలు పట్టుకుని వచ్చారు. ఒక ఊరివాళ్లు హాస్టలు భోజనం ఎప్పటినుంచి అని అడిగారు. ఇంకో ఊరి సర్పంచి వందమందితో వచ్చి, "మేము పుట్టినకాడ్నుంచి క్యాంపస్‌లోనే ఉండాము. అయినా ఒక్కనికీ డిగ్రీ ఇయ్యలేదు. ఇది న్యాయమా?" అన్నాడు. ఒక పెళ్లివారు డోళ్లు వాయించుకోవడానికి అనుమతి కావాలని విద్యార్థి సంక్షేమ అధికారికి దరఖాస్తు పెట్టారు. ఆయన, వరుడు ఏ కోర్సో రాయలేదని దాన్ని తిప్పి పంపారు.

తరువాత జొన్నలదిన్నె ఎస్సై గోవర్ధన్ వచ్చాడు. టోపీ చంకలో పెట్టుకుని వీసీగారి ముందు నిలబడ్డాడు.

"సార్, మా స్టేషన్ ఇరవై రెండో కిలోమీటరు దగ్గరుంది. ఆ పక్కనే పట్టపగలు పేకముక్కలతో అందర్ బాహర్ ఆడుతున్నారు సార్. పట్టుకుందామని పోతే, ఇది యూనివర్సిటీ క్యాంపస్, వీసీ పర్మిషన్ చూపించు అంటున్నారు. బోర్డు కూడా చూపించారు."

"వారు నిబంధనను సరిగానే ఉదహరించారు," అన్నారు వీసీగారు.

"అంటే నేను నా స్టేషనుకు పోవాలన్నా..."

"అనుమతి తప్పనిసరి. సుంకన్నగారూ, వీరికి సందర్శకుల పాసు ఇవ్వండి. పది నుండి అయిదు వరకు."

"అయిదు తరవాత ఏదన్నా నేరం జరిగితే సార్?"

"నేరస్థుని వద్ద కూడా పాసు ఉండవలె గదా. అది తనిఖీ చేయవచ్చును."

ఎస్సై సెల్యూట్ కొట్టి, నా దగ్గర ఫోటో అంటించుకుని, పాసు మెడలో వేసుకుని డ్యూటీకి వెళ్లాడు. నవ్వుదామనుకున్నాను. అతని కళ్లల్లోకి చూస్తే నవ్వు రాలేదు.

ఫిబ్రవరిలో నాకు నవ్వు వచ్చే పరిస్థితి మరీ పోయింది. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివాళ్ల జాబితా తయారుచేసి నోటీసులు పంపడం నా పని. జాబితాలో మొదటి పేరు మాబున్ని. పరీక్షకు కూర్చోనివ్వరు. ఒక ఏడాది పోతుంది. కుండీల్లోని కొర్ర ఆమె కోసం ఏడాది ఆగదు.

నోటీసు పోస్టులో పంపొచ్చు. మనసొప్పక నేనే తీసుకెళ్లాను. దస్తగిరమ్మ పొయ్యి ముందు కూర్చుని బొరుగులు నీళ్లలో వేసి పిండుతోంది. నోటీసులో ఏముందో చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"నా బిడ్డ యాడికి పోయింది సార్, రాలేదంటాండారు? సినిమాకు పోయెనా? ఊరికి పోయెనా? పొద్దుగూకులూ ఈడ్నే ఉండాది సార్. ఈ మూడు నెలలూ ఈడ్నుంచి కాలు బయట పెట్టలేదు."

మాబున్ని లోపల్నుంచి వచ్చి నోటీసు తీసుకుంది. చదవకుండా తల్లి మొహం కేసి చూస్తూ నిలబడింది.

"మా, మళ్లా చెప్పు," అంది.

"ఏం చెప్పల్ల?"

"ఇప్పుడు చెప్పినావే. కాలు బయట పెట్టలేదని."

నాకు ఆ పిల్ల ధోరణి అర్థం కాలేదు. దుఃఖంలో ఉందిలే అనుకుని వచ్చేశాను.

వారం తరువాత హాజరు మినహాయింపు సంఘం కూర్చుంది. వీసీగారు అధ్యక్షులు. రిజిస్ట్రారుగారు, కమలాక్షి మేడమ్ సభ్యులు. రికార్డులతో నేను. లోపలికి పోయే ముందు రిజిస్ట్రారుగారు నన్ను పక్కకు పిలిచి, "ఏదైనా చిక్కు వస్తే ఆ వేలిముద్రల మిషను చెడిపోయిందని చెప్పండి. మాట్లాడేది తక్కువ చేయండి," అన్నారు.

మాబున్ని తెల్ల పంజాబీ డ్రెస్సులో వచ్చి నిలబడింది. చేతిలో మా ఉత్తర్వులు రెండూ ఉన్నాయి.

"హాజరు తగ్గుటకు కారణమేమి?" అన్నారు వీసీగారు.

"తగ్గలేదు సార్."

"అనగా?"

"మీ ఉత్తర్వు ప్రకారం, ముద్ర వేసి లోపలికి వచ్చినప్పుడు హాజరు మొదలైతుంది, ముద్ర వేసి బయటికి పోయినప్పుడు ముగుస్తుంది. నేను నవంబరు పదకొండున ముద్ర వేసి లోపలికి వచ్చినాను సార్. ఆరోజు సాయంత్రం బస్సు చెడిపోయింది. బయటికి పోయే ముద్ర వేయలేదు. ఆ తరవాత ఇంతవరకూ క్యాంపస్ దాటలేదు."

"నీవు ఇంటికి వెళ్లలేదా?"

"పోయినాను సార్. మా ఇల్లు కూడా మీ రెండో ఉత్తర్వు ప్రకారం క్యాంపస్సే."

వీసీగారు ముందుకు వంగారు. రిజిస్ట్రారుగారు అందుకుని, "గోడ దూకి వచ్చావని వాచ్‌మన్ రిపోర్టు ఉంది!" అన్నారు.

"గోడకు రెండు పక్కలా క్యాంపస్సే సార్. క్యాంపస్‌లోనించి క్యాంపస్‌లోకి దిగినాను. బయటికి పోయినవాళ్లు గదా సార్, మళ్లా లోపలికి రావల్సింది? నేను పోనేలేదు."

వీసీగారు నావైపు తిరిగారు.

"సుంకన్నగారూ, మిషను ఏమంటున్నది?"

రిజిస్ట్రారుగారు దగ్గారు. మిషను చెడిపోయిందన్న ముక్క నా నాలుక చివరన ఉంది. ఇరవై ఆరేళ్లుగా అట్లాంటి ముక్కలు చాలా చెప్పాను. ఎదురుగా ఆ పిల్ల గోళ్లల్లో కుండీల మట్టి కనిపించింది.

"నవంబరు పదకొండు ఉదయం ఏడూ యాభై రెండుకు లోనికి, సార్. బయటికి పోయినట్లు నమోదు లేదు. మిషను లెక్క ప్రకారం ఆమె తొంభై ఎనిమిది రోజులుగా నిర్విరామంగా హాజరులో ఉంది. ఆదివారాలు, సంక్రాంతి సెలవులతో సహా. తక్కువ హాజరని జాబితా వేసింది రోజుకొక్క ముద్ర లెక్కన నేను. ఆ లెక్క ఉత్తర్వులో లేదు."

కమలాక్షి మేడమ్ కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వీసీగారు ఆ రెండు ఉత్తర్వులూ తీసుకుని మొదటినుంచీ చదివారు. కోప్పడతారనుకున్నాను. ఆయన తల ఎత్తేసరికి, ఎన్నేళ్లకో మంచి శిష్యుడు దొరికిన పంతులులాగా ఉన్నారు.

"నిర్దుష్టం," అన్నారు. "ఒక్క హేతువు కూడా జారలేదు. అమ్మాయీ, నువ్వు కొర్రల్లోకి ఎందుకు పోయావు?"

"నాకు కొర్రలంటే ఇష్టం సార్."

"హాల్ టిక్కెట్ ఇవ్వండి," అన్నారు.

ఈ సంగతి తెలియడానికి ఒక పూట చాలింది. మర్నాడు విశ్వవిద్యాలయం యావత్తూ, ప్రొఫెసర్లు పిల్లలు అందరూ, తాటిమాను క్రాసుకు పోయి, వరసలో నిలబడి, ఒక్కసారి ముద్ర వేసి లోపలికి వచ్చారు. మళ్లీ ఎవరూ బయటికి పోలేదు. క్లాసులు తొమ్మిదింటికి మొదలయ్యాయి. సాయంత్రం నాలుగు దాకా జరిగాయి. హిస్టరీ ఆచార్యులవారు జారిపోయిన రాజవంశాలన్నీ మళ్లీ చెప్పారు. మాబున్ని పరీక్షలు రాసింది. మిగిలిన నూట నలభై కుండీల్లోనే ఒక ఎర్రకొర్ర రకం, అన్నిటికన్నా తక్కువ నీళ్లతో నిలబడింది. డిపార్ట్‌మెంటులో మొదటి స్థానం ఆమెదే. ఇప్పుడు మేడమ్ దగ్గరే రీసెర్చిలో చేరింది. దొడ్డివాకిలి మాత్రం ఇంకా తెరవలేదు. ఆ ఫైలు రిజిస్ట్రారుగారి దగ్గర ఉంది. నిచ్చెన గోడకే ఉంది.

నా సంగతి చెప్పాలి. ఏప్రిల్‌లో మండలివారు రాశారు. "గత మాసము తమ ద్వార వినియోగము సున్న. నెలకు పదివేల ప్రవేశములకు తగ్గినచో శ్రేణి రద్దగును." వీసీగారు ఆలోచించారు. ప్రవేశాలు ఎన్ని ఉండాలో మండలివారు చెప్పారు గానీ, ఎంతమంది ప్రవేశించాలో చెప్పలేదు. రిజిస్ట్రారుగారు నా పేరు సూచించారు. మిషను గురించి నాకు మంచి అవగాహన ఉందట. నన్ను ద్వార వినియోగ అధికారిగా తాటిమాను క్రాసుకు వేశారు.

పని కష్టం కాదు. ముద్ర వేసి లోపలికి పోవడం, ముద్ర వేసి బయటికి రావడం. ఆదివారాలు పోను రోజుకు నాలుగువందలసార్లు పోతే నెలకు సరిపోతుంది. మొదటి నెలకే కుడి బొటనవేలు అరిగి మిషను నన్ను గుర్తుపట్టడం మానేసింది. ఎడమ చేతికి మారాను. తిక్కయ్య గట్టుమీద కూర్చుని ఉడకబెట్టిన శెనక్కాయలు తింటూ నన్ను చూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాడు.

"మా నాయినకు గానుగెద్దు ఉండె సారూ. ఇట్లనే తిరుగుతాండె. దానికన్నా నూనె వొస్తాండె."

అతను శెనక్కాయల గంప నావైపు జరిపాడు.

జూన్ మొదట్లో ఒకరోజు, నేను రెండువందల పదకొండోసారి బయటికి వస్తున్నాను. కర్నూలు వైపు నుంచి వచ్చిన బస్సు ఆగి, ఒక తండ్రీ కూతురూ దిగారు. తండ్రి తలకు తువ్వాలు చుట్టుకున్నాడు, మోచేతులదాకా పొలం ఎండ. అమ్మాయి చేతిలో ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు. ఇద్దరూ సింహాలను చూశారు, ద్వారాన్ని చూశారు, తలలు వంచి లోపలికి చూశారు.

"సార్, యూనివర్సిటీ ఇదేనా?" అన్నాడు తండ్రి.

"ఇదే."

"లోపల చేనుండాది సార్."

"ఇంకా లోపలికి పోవాలి. నలభై ఒక్క కిలోమీటర్లు. అడ్మిషన్‌కేనా?"

"ఔ సార్. పాప బీయస్సీ అయిపోయింది. ఎమ్మెస్సీలో చేర్పిద్దామని. మీరు ఈడ పనిజేస్తారా?"

"చేస్తాను," అన్నాను. ఏం పని అని అడగలేదు, బతికించాడు.

అప్పుడు ఆ అమ్మాయి, తండ్రి వెనకనుంచి ముందుకు వచ్చి, నా మొహంలోకి చూసి అడిగింది.

"సార్, ఈడ చదువు బాగా చెప్తారా?"

ఏడాదిగా నేను ఈ గేటు పని మీద తాఖీదులు చూశాను, ఉత్తర్వులు టైపు చేయించాను, తనిఖీ సంఘానికి భోజనాలు వడ్డించాను. తెల్లగీత నుంచి ఎన్ని మీటర్లో అడిగారు. ఎత్తు ఎంత అడిగారు. నెలకు ఎన్ని ముద్రలో అడిగారు. ఈ మాట అడిగిన మొదటి మనిషి ఈ అమ్మాయే.

ఎర్రబస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. మిషను అట్లా వదిలేసి, ధాబాలోంచి మూడు కుర్చీలు తెప్పించి సింహం నీడలో వేయించాను. వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టాను.

"చెప్తారమ్మా," అన్నాను. "కొర్రల మీద పనిచేసే మేడమ్ ఒకామె ఉంది. ముందు ఆమె సంగతి చెప్తాను, విను."